వార్షిక నివేదిక: లంకలో అగ్నిప్రమాదం, ఆ తర్వాత పశువుల మేత

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో సగానికి పైగా వేసవిలో మన కోనసీమ లంకలో (గోదావరి మధ్య దీవిలో) జరిగిన అగ్నిప్రమాదం చుట్టూనే తిరిగింది. అందుకే ఈ నివేదిక కూడా ఎక్కువగా దాని గురించే ఉంటుంది. చవితి పందిరి, సంక్రాంతి ముగ్గుల పోటీ, బడిపిల్లలకు పుస్తకాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, కోశాధికారి గారు సమావేశంలో చదివి వినిపిస్తారు.

దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోయిన రోజులవి. మిషన్‌తో కోసిన చేలో మిగిలిన గడ్డికి ఎవరో నిప్పు పెట్టారు. మధ్యాహ్నం గాలి తిరిగింది. మంట గట్టు దాటి కొబ్బరితోటలో పడింది. అక్కడ రాలి ఉన్న ఎండుకమ్మలను పట్టుకుని మకాంల (తోటల్లో పశువులను కట్టే పాకల) దాకా వచ్చేసింది. గడ్డిమేట్లు, తాటాకు పాకలు అంటుకున్నాయి. మనుషులకు ఏమీ కాలేదు. పశువులు కొన్ని చనిపోయాయి, చాలావాటికి ఒళ్ళు కాలింది.

మన దగ్గర ఈ మంటలు వచ్చే సమయంలోనే ఒక చిక్కుంది. దాళ్వా అయ్యాక డెల్టా కాలువలు కట్టేస్తారు. ధవళేశ్వరం నుంచి మళ్ళీ నీళ్ళు వదిలేదాకా చేలకు నీళ్ళు తెచ్చే బోదెలన్నీ ఎండిపోయి ఉంటాయి. చుట్టూ గోదావరి ఉన్నా, మంట దగ్గర బిందెడు నీళ్ళు దొరకవు. పైగా కరెంటు ఆపెయ్యాలి కదా, దాంతో తోటల్లో మోటార్లు కూడా పడుకుంటాయి. ఆ రోజు అక్కరకొచ్చినవి పాత ఆయిల్ ఇంజన్లు, పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు, ఒక రొటావేటర్. ట్రాక్టర్ నడిపిన కుర్రాడు మంట వైపు వెళ్ళకుండా, దానికి చాలా ముందుగా తోట అంచు వెంబడి నేల దున్నేశాడు. మంట ఆ దున్నిన పట్టీ దగ్గరికొచ్చి ఆగిపోయింది. లేకపోతే పడమటి వీధి కూడా పోయేది.

101కు ఫోన్ చేస్తే ఫైరింజన్ వచ్చింది. కానీ ఏటిగట్టు మీద సందు లేదు. సాయానికి వచ్చినవాళ్ళ ట్రాక్టర్లు, చూడ్డానికి వచ్చినవాళ్ళ మోటారు సైకిళ్ళు గట్టంతా నిండిపోయాయి. వాట్సాప్‌లో ఒకరు పెట్టిన వీడియో చూసి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. అందుకని ఇకనుంచి గట్టు మలుపు దగ్గర ఇద్దరు మనుషులు నిలబడతారు, వాళ్ళు పంపితేనే బండి లోపలికి వెళ్ళాలి. ఫైర్‌స్టేషన్‌తో, తహసీల్దారు ఆఫీసుతో, పశువైద్యులతో మాట్లాడే పని ఒక్కరిదే. మిగతావాళ్ళు ఫోన్లు ఖాళీగా ఉంచండి. కుర్రాళ్ళకు ఇది నచ్చదని తెలుసు, అయినా తప్పదు.

పశువుల విషయంలో తాడు దగ్గరే ఎక్కువ నష్టం జరిగింది. బెదిరిన గేదె లాగేకొద్దీ ముడి బిగిసిపోతుంది, విప్పడం కుదరదు. ప్లాస్టిక్ తాడైతే కరిగి మెడకు అతుక్కుంటుంది. ఒక చూడి గేదెకు మంట సోకకపోయినా మెడ చుట్టూ తాడు కరిగి, చర్మం ఊడొచ్చింది. కొబ్బరిపీచు తాడు పేనే కోనసీమలో మనం నైలాన్ పలుపులు కొని కడుతున్నాం! సంఘం తరఫున పీచు పలుపులు పంచాం. ప్రతి మకాం గుమ్మానికి ఒక కొడవలి వేలాడదీయమని చెప్పాం. మంట వస్తే ముడి విప్పొద్దు, పలుపు కోసేసి, ఇసుక తిన్నెల వైపు తోలెయ్యండి.

కాలిన చోట కొబ్బరినూనె రాయడం మన అలవాటు. డాక్టరు గారు వచ్చీ రాగానే అది మాన్పించారు. నూనె వేడిని లోపలే పట్టి ఉంచుతుందని, ముందు ఇరవై నిమిషాలైనా చల్లటి నీళ్ళు పొయ్యాలని చెప్పారు. పొదుగు కాలిన గేదెలు దూడను దగ్గరికి రానివ్వలేదు. ఆ దూడలకు సీసాతో పాలు పట్టాల్సి వచ్చింది. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. నిప్పుల మీద నడిచిన పశువు మొదట్లో బాగానే తిరుగుతుంది. వారం తిరిగేసరికి గిట్ట పైఅంచు విడిపోయి కుంటడం మొదలెడుతుంది. అందుకే బాగానే ఉంది కదా అనుకున్న పశువులను కూడా డాక్టరు గారు మళ్ళీ మళ్ళీ చూశారు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, ఆ నంబరు మకాం తలుపు మీద సుద్దతో రాసుకోండి.

ఇక మేత. మనుషులకు బియ్యం, చీరలు, దుప్పట్లు మర్నాటికే వచ్చిపడ్డాయి. కొన్ని ఇంకా సంఘం గదిలో మూటల్లోనే ఉన్నాయి. గడ్డి గురించి మాత్రం ఎవరికీ తట్టలేదు. పాడిగేదెకు రోజుకు ఆరేడు కిలోల ఎండుగడ్డి కావాలి. మేటు కాలిపోయిందంటే సార్వా (ఖరీఫ్ వరి) గడ్డి చేతికొచ్చేదాకా ఆ ఇంటికి మేత లేనట్టే. మేత లేకపోతే రైతు గేదెను అయినకాడికి అమ్ముకుంటాడు, దాంతో పాల డబ్బులు ఆగిపోతాయి. మన సాయమంతా అక్కడ పెట్టాలని కమిటీ నిర్ణయించింది. దాతలు డబ్బు ఇస్తామంటే గడ్డి అడిగాం. ట్రాక్టర్ల మీద రేవుకు, రేవు నుంచి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద లంకకు చేర్చాం. పంటు మీద గడ్డి పక్కన కూర్చుని బీడీ వెలిగించిన పెద్దమనిషి పేరు ఇక్కడ రాయడం లేదు.

తడిసి, పొగచూరిన గడ్డిని పారెయ్యడానికి చాలామందికి మనసొప్పలేదు. అది బూజు పడితే గేదెల తోకలు, చెవులు కుళ్ళే జబ్బు వస్తుంది, పెట్టకండి. మిగిలిన మంచి గడ్డిని పొదుపుగా వాడుకోవడానికి యూరియా పద్ధతి చూపించాం. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్ళలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. కొలత దాటితే విషమే, కాబట్టి పశుసంవర్ధక సహాయకుడు దగ్గరుంటేనే చెయ్యండి.

ఆస్ట్రేలియాలో ఉన్న మన ఊరి పిల్లలు అక్కడి సంగతులు చెప్పారు. విక్టోరియాలో 2009 ఫిబ్రవరి 7 కార్చిచ్చులో 173 మంది చనిపోయారు. ఆ తర్వాత పుట్టిన బ్లేజ్‌ఎయిడ్ అనే వాలంటీర్ల సంస్థ రైతుల కంచెలు తిరిగి కట్టడాన్నే పనిగా పెట్టుకుంది. అక్కడి పశువులు విడిగా తిరుగుతాయి, కంచె లేకపోతే మంద చెదిరిపోతుంది. మన గేదె గుంజకు కట్టి ఉంటుంది కాబట్టి మనకు కంచె కన్నా మేటే ముఖ్యం. అయితే సాయాన్ని ఒకే పని మీద నిలపడం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిందే.

పరిహారం గురించి రెండు మాటలు. కేంద్రం 2022లో సవరించిన విపత్తు సాయం నిబంధనల్లో పాడిగేదెకు, ఆవుకు 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకు 32,000, మేకకు, గొర్రెకు 4,000 ఉన్నాయి. డాక్టరు పోస్టుమార్టం చేయకముందే పాతిపెడితే కాగితం పుట్టదు, కాగితం లేకపోతే డబ్బు రాదు. బీమాకు పశువు చెవిపోగు (చెవికి వేసిన గుర్తింపు బిళ్ళ) నంబరు కావాలి. చెవే కాలిపోతే? ఇప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

వరదకు మాత్రం కాస్త గడువు దొరుకుతుంది. గోదావరి నీటిమట్టం భద్రాచలంలో 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలు, ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర మూడు. పైనుంచి నీళ్ళు మన దాకా రావడానికి సుమారు ఒక రోజు. భద్రాచలంలో 71 అడుగులు దాటిన 2022 జులైలో గేదెలను గట్టెక్కించాం గానీ గట్టు మీద మేత లేదు. అందుకే ఇకపై భద్రాచలంలో మొదటి హెచ్చరిక వినగానే గడ్డి గట్టు మీదికి చేరాలి, రెండోదానికి పశువులు. ధవళేశ్వరంలో హెచ్చరిక వచ్చేదాకా ఆగితే గట్టుకు వెళ్ళే లోతట్టు దారి (కాజ్‌వే) మునిగిపోతుంది.

వచ్చే ఏడాదికి రెండు పనులు ఒప్పుకున్నాం. వానలకు ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు ప్రతి మకాంలో పూర్తి చేయించాలి. వరి కోతకు ముందు చేలో చల్లడానికి పిల్లిపెసర, జనుము విత్తనాలు అడిగినవారికి ఇవ్వాలి, కోత తర్వాత ఆ చేను పచ్చమేత అవుతుంది గనక దానికి నిప్పు పెట్టే పని ఉండదు. ఎన్ని సెంట్లకు విత్తనం కావాలో, మీ మకాంలో ఎన్ని పశువులున్నాయో రాసి సమావేశానికి తీసుకురండి.

కార్యదర్శి