డచ్చి సమాధులకు సిమెంటు పూయకండి

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో భీమిలి డచ్చి సమాధుల దగ్గర చీపుళ్ళు పట్టుకున్న అధికారుల ఫొటో వేశారు. బాగుంది. చీపుళ్ళు కొత్తవి, చొక్కాల ఇస్త్రీ నలగలేదు, చుట్టుపక్కల ఒక్క తుప్పా లేదు. ఎందుకుంటుంది? ఎన్నో ఆదివారాలు ఎండలో తుప్పలు నరికింది ఊళ్ళో కుర్రాళ్ళూ, నాలాంటి రిటైరైనవాళ్ళూ, సెయింట్ పీటర్స్ చర్చికి వచ్చే కొందరు ఆడవాళ్ళూ. వాళ్ళ ఫొటో వేయకపోతే పోనీండి, వార్తలో ఒక్క ముక్కయినా రాయాల్సింది.

అసలు సంగతి ఆ వార్త చివర ఉంది. సమాధులకు మరమ్మతులు చేసి, టైల్స్ పరిచి, సెల్ఫీ పాయింట్ పెడతారట! మా టెన్షన్ అదే. అవి ఇటుకా సున్నంతో కట్టినవి. సున్నం తేమను పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు మెత్తితే తేమ, సముద్రపు ఉప్పు లోపలే ఉండిపోయి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైకి మాత్రం నున్నగానే కనిపిస్తుంది, పుచ్చుపంటికి క్యాప్ తొడిగినట్టు. గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపి పని చేసే మేస్త్రీలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళని పిలిపించమంటే "ఎస్టిమేట్‌లో లేదండీ" అన్నారు. సెల్ఫీ పాయింట్ ఎస్టిమేట్‌లోకి ఎలా వచ్చిందో!

పనికి అనుమతి అడిగితే ఒక ఆఫీసు "స్థలం మాది కాదు" అంటుంది, రెండో ఆఫీసు "కట్టడం మాది కాదు" అంటుంది. పేర్లు రాయను, అన్నీ ఆ తాను ముక్కలే. ఫొటోకి మాత్రం అందరూ వచ్చారు.

"తెల్లవాళ్ళ గోరీలు మనకెందుకు" అని ఓ పెద్దమనిషి మా ముఖానే అన్నాడు. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో ఇక్కడికొచ్చింది గాలి పీల్చుకోడానికి కాదు, మన బట్టల కోసం. నేసింది మనవాళ్ళు, పడవల్లో ఓడకి చేర్చింది మనవాళ్ళు. 1825లో ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి వాళ్ళు పోయారు, సమాధులు మిగిలాయి. అది మన ఊరి చరిత్ర కాక మరెవరిది?

1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరని వేదికలెక్కి చెప్పుకుంటాం. ఆ మునిసిపాలిటీ ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయింది, వీధి దీపం కాలకపోయినా ఎవరికి చెప్పాలో తెలియడం లేదు. పక్కనే ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ సంపద, ఆ గుర్తింపు వచ్చి పదేళ్ళు దాటింది. ఆ బోర్డు అక్కడుండగానే 2024లో పక్కన తవ్వకాలు జరిగి ఎంత గొడవైందో మీకు నేను చెప్పాలా? బోర్డులు పెట్టడంలో మాత్రం మనవాళ్ళని మించినవాళ్ళు లేరు.

మేం డబ్బు అడగడం లేదు. ఆదివారాలు లోపల పని చేసుకోవచ్చని ఒక కాగితం, రాత్రిళ్ళు మందు సీసాలు పడకుండా గేటుకి తాళం, ఇవి చాలు. తాళం మేమే కొంటాం. ఆ కాగితం చేతికొచ్చేలోపు అక్కడ సిమెంటు బస్తాలు దిగకుండా మీ పేపరు ఓ కన్నేసి ఉంచితే సంతోషం.

– ఒక రిటైర్డ్ టీచర్, భీమునిపట్నం