తల దెబ్బకు విశ్రాంతి ఒక్కటే మందు కాదు

సంపాదకులకు,

తలకు దెబ్బ తగిలి నెల దాటుతుంది. స్కానింగులో ఏమీ ఉండదు. తలనొప్పి, తల తిరగడం, వెలుతురు పడకపోవడం మాత్రం వదలవు. అలాంటివారికి ఇప్పటికీ దొరికే సలహా 'తగ్గేదాకా కదలకుండా పడుకోండి' అనే. దీనికి కాలం చెల్లింది. ఒక మోస్తరు విశ్రాంతి మొదటి 24 నుంచి 48 గంటలకే. నెల దాటినవారికి కొలిచి ఇచ్చే వ్యాయామం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (భయపెట్టే ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స) రెండూ ఒకేసారి మొదలుపెట్టాలి.

వ్యాయామం మోతాదుకు ట్రెడ్‌మిల్ పరీక్ష ఉంది. నడక వేగం మార్చకుండా నిమిషానికి ఒక శాతం చొప్పున వాలు పెంచుతూ, ఇబ్బంది పదికి ఎంతో అడుగుతారు. మొదటికంటే 3 పాయింట్లు పెరిగితే ఆపేసి, గుండె వేగం రాసుకుంటారు. అది 140 అనుకుంటే 80-90 శాతం, అంటే 112-126 మధ్య ఉండేలా రోజుకు 20 నిమిషాలు నడక గానీ సైకిల్ గానీ. ఇబ్బంది 2 పాయింట్లకు మించి పెరగక, గంటలోపు సర్దుకుంటే ఫర్వాలేదు. గుండె వేగాన్ని తగ్గించే ప్రొప్రనలాల్ మందు వాడేవారిలో గుండె వేగం పెద్దగా పెరగదు. ఆ అంకెను నమ్ముకుంటే మోతాదు తప్పుతుంది.

చిక్కంతా ఇక్కడే. నడుస్తుంటే తల కాస్త బరువెక్కగానే 'మెదడు మళ్లీ దెబ్బతింటోంది' అన్న భయంతో మానేస్తారు. లేదా బాగున్న రోజున పేరుకున్న పనులన్నీ చేసేసి మర్నాడు మంచం పడతారు. ఒకరు 'భయపడకండి, చేయండి' అని, మరొకరు 'నొప్పొస్తే ఆపండి' అని విడివిడిగా చెబితే రోగి ఎవరి మాట వినాలి? వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టుకు, థెరపీ ఇచ్చే సైకాలజిస్టుకు ఇద్దరికీ ఒకే నోట్‌బుక్ ఉండాలి. నడకకు ముందు 'ఇబ్బంది ఎంతకు చేరుతుందనుకుంటున్నారు?' అని రాయించాలి, తర్వాత నిజంగా ఎంతకు చేరిందో పక్కనే రాయించాలి. 7 అనుకున్నది 4 దగ్గర ఆగిందని తన చేతిరాతలోనే చూసుకుంటే కలిగే ధైర్యం మన మాటలతో రాదు. నిద్ర లేచే వేళ, ఫోన్ చూసే నిమిషాలు కూడా అందులోనే. పారాసిటమాల్ లాంటి మామూలు మాత్రలు మింగిన రోజులూ లెక్కపెట్టాలి; నెలకు 15 రోజులు, అంతకంటే ఎక్కువైతే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టవచ్చు.

సైకాలజిస్టు దగ్గరికి పంపితే 'అంతా నా భ్రమేనంటున్నారు' అని నొచ్చుకునేవారున్నారు. బాధ నిజమేనని డాక్టరే ముందు చెప్పాలి. మెడ నొప్పి, తల తిప్పితే వచ్చే తూలుడు ఉంటే వాటికి వేరే ఫిజియోథెరపీ కావాలి. వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, చేయి గానీ కాలు గానీ పట్టు తప్పినా ఇవేవీ కాదు, నేరుగా ఎమర్జెన్సీకే.

డిశ్చార్జి కాగితం మీద నాలుగు వారాల తర్వాతి పరీక్ష తేదీ, ఆ రోజున కలవాల్సిన ఇద్దరి పేర్లు ముందే రాసి ఇవ్వాలని వైద్యులకు మా మనవి.

- ఒక ఫిజియోథెరపిస్టు, ఒక క్లినికల్ సైకాలజిస్టు