సూది రిజిస్టరు

హిందూపురం

చిన్నీ,

ఢాకా టికెట్ వచ్చిందన్నావు. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

నువ్వు బట్టలు కొనే బయ్యరు తరఫున ఫ్యాక్టరీ ఆడిట్‌కి పోతున్నావు. నేను పదకొండేళ్లు బెంగళూరు గార్మెంట్స్‌లో మిషను మీద కూర్చున్నదాన్ని. ఆడిట్ అంటే మాకు పెళ్లిచూపులే. ముందురోజే బాత్రూముల్లో సబ్బులు, ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో దూది. ఓటీ (ఓవర్‌టైము) ఎంతని అడిగితే ఏం చెప్పాలో సూపర్‌వైజరు వల్లె వేయించేవాడు. గోడ మీద నియమావళి అద్దాల ఫ్రేములో మెరిసేది, ఇంగ్లీషులో! మీరటు కారెక్కగానే సబ్బులు మళ్లీ స్టోరుకి.

కాగితం చూసి నమ్మొద్దు తల్లీ. కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి, పనివాళ్లను బాగా చూసుకుంటారని ఇచ్చే ఎస్ఏ 8000 సర్టిఫికెట్ ఇచ్చిన కొద్ది వారాలకే, 2012 సెప్టెంబర్ 11న ఫ్యాక్టరీ అంటుకుంది. దార్లకు తాళాలు, కిటికీలకు ఊచలు. 250 మందికి పైగా పోయారు.

ఢాకా పక్కన రాణా ప్లాజా అనే గార్మెంట్స్ బిల్డింగు సంగతి నీకు ట్రైనింగ్‌లో చెప్పే ఉంటారు. 2013 ఏప్రిల్ 23న గోడలు బీటలిచ్చాయి. కింద బ్యాంకు, అంగళ్లు మూసేశారు. పైన కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు రమ్మన్నారు, రాకుంటే జీతం కోత అన్నారు. ఆ మర్నాడే బిల్డింగు కూలి 1,134 మంది చచ్చిపోయారు. బీట అందరికీ కనబడింది. "మేం రాము" అనే వీలు బ్యాంకోళ్లకుంది, వీళ్లకు లేదు. తర్వాతి నెల బ్రాండ్లూ యూనియన్లూ సంతకం పెట్టిన అకార్డ్ అనే భద్రతా ఒప్పందంలో నాకు నచ్చింది ఆ ఒక్కటే: ప్రమాదమనిపిస్తే జీతం పోకుండా పని మానుకునే హక్కు. పైగా అది ఫ్రేము కట్టుకునే కాగితం కాదు, మాట తప్పితే చట్టం పట్టుకుంటుంది.

మీ ఆఫీసులో రేటు తగ్గించమని, షిప్‌మెంట్ ముందుకు జరపమని మెయిళ్లు పెట్టేవాళ్లనూ ఒకసారి ఆడిట్ చెయ్యరాదూ? సరే, కోపం తెచ్చుకోకు.

ఒక్క కిటుకు చెబుతా. మా దగ్గర సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా అయస్కాంతం పెట్టి వెతికించేవాళ్లు. టేపుతో రిజిస్టర్లో అంటించి, టైము వేసి సంతకం. బట్ట వేసుకునే పిల్లలకు గుచ్చుకోకూడదు కదా, న్యాయమే. అందులో ఒక్క అబద్ధం ఉండేది కాదు. అదే మేనేజరుకు మా ఓటీ పుస్తకాలు మాత్రం రెండు: ఒకటి అసలుది, ఒకటి ఆడిట్‌కి చూపించేది.

అక్కడ ముందు సూది రిజిస్టరు అడుగు. రాత్రి తొమ్మిదిన్నరకు సూది విరిగినట్టు ఉంటే, ఆ రోజు ఆ లైను ఎన్నింటికి ఇంటికి పోయిందని రాశారో చూడు.

అమ్మ