బుద్ధుని రూపం ఇకపై మేము ఎందుకు వేయబోము

మా వద్ద టాటూ వేయించుకున్న వారికీ, వేయించుకోవడానికి పేరు నమోదు చేసుకున్న వారికీ ఒక మార్పును తెలియజేస్తున్నాను. బుద్ధుని ముఖాన్ని గానీ పూర్తి రూపాన్ని గానీ ఇకపై శరీరంలో ఏ భాగం మీదా మేము వేయము. ఇప్పటికే అడ్వాన్సు చెల్లించిన వారు కోరితే మొత్తం తిరిగి ఇస్తాము.

2014లో చేతిపై బుద్ధుని టాటూతో శ్రీలంకలో దిగిన ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని అధికారులు నిర్బంధించి వెనక్కి పంపారు. 2017లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆమెకు పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అయినా మేము వేసిన బొమ్మ కారణంగా ఒకరు పరాయి దేశపు విమానాశ్రయంలో దోషిలా నిలబడవలసి రావడం నాకు సమ్మతం కాదు. థాయ్‌లాండ్‌లో పాదాలను శరీరంలో అన్నింటికన్నా తక్కువ స్థానంగా చూస్తారు కనుక, నడుము కింద బుద్ధుని బొమ్మ ఉండడం అక్కడివారిని నొప్పిస్తుంది. పిక్క మీద వేయమని అడిగిన వారికి ఈ సంగతి నేను ముందుగా చెప్పలేదు. అది నా తప్పు.

బుద్ధుని తలచుకోవడానికి ఆయన ముఖమే కావాలని లేదు. సాంచి, అమరావతి స్తూపాల తొలినాటి శిల్పులు ఆయనను బోధివృక్షంగా, ఖాళీ ఆసనంగా, చక్రంగా, పాదముద్రలుగా చెక్కారు. ఎవరూ కూర్చోని ఆ ఆసనం ముందు చేతులు జోడించిన మనుషుల శిల్పాన్ని చూసినప్పుడల్లా, ఇంతకన్నా నిండైన బుద్ధరూపం ఉంటుందా అనిపిస్తుంది.

ఎక్కువమంది అడిగేది ధర్మచక్రం. సారనాథ్‌లో బుద్ధుడు చేసిన తొలి బోధకు అది గుర్తు, దాని ఎనిమిది ఆకులు అష్టాంగమార్గానికి గుర్తు. చాలామంది 24 ఆకుల అశోకచక్రం బొమ్మ తెస్తారు. అటువంటిదే ఒకటి, రూపాయి నాణెమంత పరిమాణంలో, ఒక కస్టమరు మణికట్టు మీద వేశాను. వేసిన రోజు ప్రతి గీతా వెంట్రుకలా కనిపించింది. కాలం గడిచేకొద్దీ సిరా చర్మంలో కొద్దికొద్దిగా వ్యాపించి, ఆకులన్నీ కలిసే నడిమధ్యన నల్లని మచ్చగా మిగిలింది. అందుకే ఆ పరిమాణంలో ఎనిమిది ఆకులకు మించి వేయను.

జపాన్‌లోని జెన్ బౌద్ధ సంప్రదాయపు వలయం, ఎన్సో, నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. కుంచెను ఒక్కసారి తిప్పి గీసే ఆ వలయాన్ని సూదితో ఎంతో సేపు కూర్చి వేయవలసి వస్తుంది. చివర సిరా ఎండిన కుంచె వదిలిన చారల మధ్య చర్మాన్ని ఖాళీగా వదిలితేనే అది చేతితో గీసినట్టుంటుంది, కాబట్టి వాటిని నింపమని దయచేసి అడగవద్దు.

‘ఓం మణి పద్మే హూం’ వంటి మంత్రాలను టిబెటన్ లిపిలో కోరేవారు కొంత ఓపిక పట్టాలి. ఆ లిపి చదవగలిగిన వారు స్టెన్సిల్‌ను (సూదికి ముందు చర్మం మీద అచ్చువేసే నమూనాను) అక్షరం అక్షరం సరిచూసిన తరువాతే సూది పట్టుకుంటాను. చిన్న చక్రాల మధ్యభాగం మసకబారిన వారు వస్తే, దానిపై పద్మం గీసి ఉచితంగా సరిచేస్తాను.