సమాధులకు సున్నం వేసే ముందు

సంపాదకులకు నమస్కారం.

నవంబర్ 2న కతోలిక క్రైస్తవుల సమాధుల పండుగ. మా గుంటూరు జిల్లా పల్లెల్లో అప్పుడే సున్నం బకెట్లు బయటికొస్తున్నాయి. ఫిరంగిపురం బాలయేసు గుడి చరిత్ర చాలామందికి తెలుసు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్ (యేసు సభ) గురువుల కాలంలో రాయలసీమ నుంచి వలస వచ్చిన కుటుంబాలు, 1773లో ఆ సభ రద్దయ్యాక గురువులు కరువైన రోజులు, 1875 తర్వాత ఇంగ్లండుకు చెందిన మిల్‌హిల్ సభ గురువుల రాక, డీక్‌మన్ స్వామి కట్టించిన పెద్ద గుడి. గుడి గురించి రాసేవాళ్లున్నారు. సమాధుల దొడ్డినే ఎవరూ పట్టించుకోరు.

నిజానికి ఊరి చరిత్రంతా అక్కడి బండల మీదే ఉంది. రాయప్ప, చిన్నప్ప, ఇన్నయ్య, శౌరయ్య అన్న పేర్లు చూడండి. పేతురు, పౌలు, ఇగ్నేషియస్, జేవియర్ మన నోట్లో పడి అలా తెలుగయ్యారు. ఈ పేర్లు పిల్లలకు పెట్టడం ఇప్పుడు తగ్గిపోయింది (మా ఇంట్లోనూ అంతే).

ఏటా వేసే సున్నం అక్షరాల గాడుల్లో పేరుకుపోతోంది. పోయినేడు మా ఊళ్లో మా తాతగారి బండను గోరుతో గీకితే ‘శౌ’ వరకే తేలింది. ఏడాది అంకె అసలు కనిపించలేదు. కొన్ని పాత బండల మీద ఏకంగా టైల్స్ అతికించేశారు.

విచారణ (పారిష్) గురువులకు, యువతకు నా విన్నపం ఒక్కటే. ఈసారి సున్నం వేసే ముందు ప్రతి బండనూ సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి, పేర్లు, తేదీలు ఒక నోటుబుక్కులో ఎక్కించండి. ఏటవాలు ఎండ పడే పొద్దుటి పూట అయితే అరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి.

– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా