రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ: గన్ను మనదే, గుండు ఎవరిది?

రక్షణ మంత్రి గారికి,

నమస్కారం. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. 1963లో మన వాయుసేనలో చేరిన యుద్ధ విమానం. టీవీలో చూస్తూ "ఇన్నేళ్లు ఎగరనిచ్చారా దీన్ని!" అని చాలామంది అనుకున్నారు, నేనూ అనుకున్నాను. పాతది పోయింది, బానే ఉంది. కానీ ఉండాల్సిన 42 స్క్వాడ్రన్లకు (యుద్ధ విమాన దళాలకు) ఇప్పుడు 29 మిగిలాయి. మిగ్-21 బదులు రావాల్సిన మన తేజస్ మార్క్-1ఏ విమానాలు 83 కావాలని 2021 ఫిబ్రవరిలోనే ఒప్పందం రాసుకున్నాం. వాటికి అమెరికా నుంచి రావాల్సిన ఇంజిన్లలో మొదటిది 2025 మార్చిలో గానీ రాలేదు. కావేరి అని మన సొంత ఇంజిన్ పని 1989లో మొదలైంది. ఆ కథ ఇప్పుడు ఎత్తను.

నేను సైనికుణ్ణి కాను, పన్ను కట్టే మామూలు మనిషిని. ఉక్రెయిన్ యుద్ధాన్ని మొదటి నుంచీ చదువుతున్నాను. పాత ఆయుధం అంటే నాకు పెద్దగా టెన్షన్ లేదు. దాని గుండు, స్పేర్ పార్టు ఎవరి గుప్పిట్లో ఉన్నాయన్నదే నా భయం.

గెపార్డ్ సంగతే చూడండి. ట్యాంకు ఒంటి మీద రెండు 35 ఎంఎం గన్నులు, వెనక గిరగిరా తిరిగే రాడార్. జర్మనీ దీన్ని 1970లలో సైన్యంలో చేర్చుకుంది, 2010లో ఇక వద్దని పక్కన పెట్టేసింది. 2022లో ఉక్రెయిన్‌కి ఇస్తే అక్కడ దాని దశ తిరిగింది. రష్యా వదిలే షాహెద్ డ్రోన్లు పాత మోపెడ్‌లా డబడబమంటూ వస్తాయి. వాటి మీదకు లక్షల డాలర్ల క్షిపణి వదిలితే దిగేది సొంత ఖజానాయే. గెపార్డ్ కొద్దిపాటి గుండ్లతోనే పని కానిచ్చేది. చిక్కల్లా ఆ గుండ్ల దగ్గరే వచ్చింది. అవి స్విట్జర్లాండ్‌లో తయారైనవి. జర్మనీ దగ్గరున్న 12,400 గుండ్లు ఉక్రెయిన్‌కి ఇస్తామంటే, మాది తటస్థ దేశం, కుదరదని స్విస్ ప్రభుత్వం చెప్పేసింది. జర్మనీ తన గడ్డ మీద కొత్తగా తయారీ పెట్టుకుని ఆ గుండ్లు పంపేసరికి 2023 వచ్చింది. గన్ను ఉంది, కాల్చే మనిషి ఉన్నాడు, ఎదురుగా డ్రోన్ ఉంది. గుండుకు మాత్రం ఇంకో దేశం సంతకం కావాలి.

ఇలాంటి ముసలి గన్నే మన దగ్గరా ఉంది. 2025 మే నెలలో పాకిస్తాన్ డ్రోన్లు గుంపులుగా వచ్చిన రాత్రుల్లో ఎల్-70 విమాన విధ్వంసక గన్నులు గట్టిగా పనిచేశాయి. స్వీడన్ డిజైన్, మన దగ్గరికి 1960లలో వచ్చింది. భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు దానికి కొత్త చూపు అమర్చారు, గుండ్లు మనమే చేసుకుంటాం. అందుకే ఆ రాత్రి ఏ దేశానికీ ఫోన్ చేయాల్సిన పని పడలేదు.

పాతవన్నీ బంగారం అనడం లేదు. సియాచిన్‌లో మన కుర్రాళ్లు ఇప్పటికీ ఒకే ఇంజిన్ ఉన్న చీతా హెలికాప్టర్లు నడుపుతున్నారు. వాటిని మార్చడానికి ఇన్నేళ్లు పట్టడాన్ని ఎవరూ సమర్థించలేరు.

ఇక బయటి సాయం. 2023 చివర్లో అమెరికా కాంగ్రెస్‌లో ఉక్రెయిన్ సాయం బిల్లు ఇరుక్కుపోయింది, 2024 ఏప్రిల్ దాకా కదల్లేదు. ఉక్రెయిన్ ఫిరంగుల దగ్గర గుండ్లు లెక్కపెట్టుకుని కాల్చారు. ఆ మధ్యలోనే, 2024 ఫిబ్రవరిలో, తూర్పు ఉక్రెయిన్‌లోని అవ్‌దీవ్కా పట్టణం రష్యా చేతిలోకి పోయింది. 2025 మార్చిలో అయితే ఆయుధాలతో పాటు నిఘా సమాచారం కూడా కొన్నాళ్లు ఆపేశారు. అమెరికా వాళ్లను తిట్టడానికి చెప్పడం లేదు. వాళ్ల ఎన్నికలు, వాళ్ల గొడవలు వాళ్లవి. అంత పెద్ద ఆయుధాగారం ఉన్న రష్యాయే గోదాముల్లోంచి పాతకాలపు టీ-62 ట్యాంకులు బయటికి లాగి, ఫిరంగి గుండ్ల కోసం ఉత్తర కొరియా గడప తొక్కింది. ఎస్-400 గగనతల రక్షణ క్షిపణుల కోసం మనం 2018లో రష్యాతో రాసుకున్న ఒప్పందం ఆలస్యం కావడానికీ ఆ యుద్ధమే కారణం.

యూరప్ సంగతి ఇంకా వింత. ఏడాదిలో పది లక్షల గుండ్లు ఇస్తామని 2023 మార్చిలో మాటిచ్చి, గడువు నాటికి దాదాపు సగమే ఇవ్వగలిగింది. డబ్బు లేక కాదు. యూరోపియన్ యూనియన్ మొత్తానికి టీఎన్‌టీ చేసే పెద్ద ఫ్యాక్టరీ పోలండ్‌లో ఒక్కటే ఉంది. గుండును తోసే మందుకు నైట్రోసెల్యులోజ్ కావాలి, దానికి పత్తి నూగు కావాలి. దూది తీసేశాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు, అంతే. అది చాలావరకు చైనా నుంచి తెచ్చుకుంటున్నారు.

మందుగుండులో 88 శాతం స్వావలంబన సాధించామని మీ శాఖ 2025లో చెప్పింది. 2017లో కాగ్ నివేదిక చూసినవాళ్లకు అది చిన్న విషయం కాదు. అప్పట్లో 152 రకాల్లో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా సరిపోవని రాశారు. నా ప్రశ్న ఆ 88 లోపలి లెక్క గురించి. గుండు ఇక్కడ బిగించాం సరే, దాన్ని పేల్చే ఫ్యూజు ఎక్కడిది? మందు ఎక్కడిది? ఆ మందు ముడిసరుకు ఎక్కడిది? బయటి నుంచి వచ్చేది రేపు ఆగిపోతే ఎన్ని నెలలు లాగగలం?

ఈ అంకెలు పేపర్లో వేయమని అడగడం లేదు. పార్లమెంటు స్థాయీ సంఘం ముందు, తలుపులు వేసుకునే, ఒక్కో ఆయుధానికి ఈ లెక్క పెట్టండి. కొత్తగా కొనే ప్రతిదానికీ సంతకానికి ముందే ఇదే లెక్క అడగండి. గుండ్లు, స్పేర్ పార్టులు ఇక్కడ చేసుకునే హక్కు కాగితం మీద వస్తే సరిపోదు. 1986 బోఫోర్స్ ఒప్పందంతో పాటు ఆ ఫిరంగి డ్రాయింగులు కూడా మనకు అందాయి. కుంభకోణం రేగింది, డ్రాయింగులు అలాగే ఉండిపోయాయి. 1999లో కార్గిల్ కొండల మీద ఆ ఫిరంగులే మోగాయి. అదే డిజైన్ నుంచి జబల్‌పూర్‌లో ధనుష్ ఫిరంగి పని మొదలైంది మాత్రం ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. ఇప్పుడు మన బీరువాల్లో అలాంటి డ్రాయింగులు ఇంకెన్ని ఉన్నాయో, ముందు అది చూపించమనండి.

ఇట్లు,
ఒక పౌరుడు