సైగలతో మాట్లాడే పిల్లలకూ థెరపీ అందాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్‌తో చెవి లోపల అమర్చే పరికరం) చేయించుకున్న చిన్నారులకు ఆపరేషన్ తరువాత మాట నేర్పే శిక్షణ కూడా ఇప్పించే ఏర్పాటుంది. అది మంచి పనే. అయితే ఇంప్లాంట్ లేకుండా, లేదా అది ఉన్నా ప్రధానంగా సైగల భాషతోనే ఎదుగుతున్న బధిర పిల్లలకు తగిన స్పీచ్ థెరపిస్టు దొరకడం గగనమవుతోంది.

మా అమ్మాయిని పరీక్షించిన చోట గొడుగు బొమ్మ చూపి, ఇదేమిటని అడిగారు. పిల్ల వెంటనే గొడుగు తెరిచినట్టు సైగ చేసి, వాన పడుతున్నట్టు వేళ్లు ఆడించి, పక్కన నిలబడ్డ నన్ను కూడా ఆ గొడుగు కిందికి లాక్కుంది. నోటితో చెప్పలేదు కనుక కాగితం మీద సున్నా పడింది; పైగా ఇంట్లో సైగలు చేయనివ్వవద్దని నాకు సలహా. వినికిడిని కొలవడం వేరు, భాషను కొలవడం వేరు. సైగల్లో వాక్యం కుదరకపోవడం, కథ వరసగా చెప్పలేకపోవడం కూడా భాషా సమస్యలే. వాటిని పసిగట్టాలంటే పరీక్షించేవారికి ఆ భాష రావాలి, లేదా అది బాగా వచ్చిన, తామూ బధిరులైన శిక్షకులు పక్కన ఉండాలి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సైగల భాషను సంభాషణ మార్గంగా గుర్తించింది. ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లోనే ఏర్పడింది. ఇక మిగిలింది థెరపిస్టుల కోర్సుల్లో ఆ భాషను మొక్కుబడిగా కాక, మాట్లాడగలిగేంతగా నేర్పడం, జిల్లా కేంద్రాల్లో బధిర శిక్షకులను జీతమిచ్చి నియమించడం. మా వంటి తల్లిదండ్రులకు కూడా సాయంత్రం పూట తరగతులు పెడితే, కూలి పోగొట్టుకోకుండా వచ్చి నేర్చుకుంటాం.

ఇట్లు,
ఒక బధిర బాలిక తల్లి,
వరంగల్